ఎనిమిది దీపాలు, ఒక్క సాకెట్టు

చామంతి తోటలను రాత్రిపూట చూడాలంటే మా చిక్కబళ్ళాపురం వైపు రావాలి. చేనికి అడ్డంగా, నిలువుగా తీగలు లాగి వరసలు వరసలుగా బల్బులు వేలాడదీసి ఉంటారు. దూరం నుంచి చూస్తే ఏదో ఊళ్ళో జాతర జరుగుతోందనిపిస్తుంది. దగ్గరికి పోతే మనిషి ఉండడు, మొక్కలే ఉంటాయి. రాత్రి పొడుగైతే చామంతి మొగ్గ కడుతుంది. నడిరేయి కాసేపు వెలుగు తగిలితే ఆ రాత్రి పొట్టిదేనని లెక్కవేసుకుని ఆకూ కొమ్మా పెంచుకుంటూ ఉంటుంది. కాడ చాలినంత ఎత్తు లేచాక రైతు దీపాలు ఆపేస్తాడు. అప్పుడు పూత అతనికి కావలసిన పండగకు అందుతుంది.

పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ ముడిని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1920లో లోకానికి తెలియజెప్పారు. గౌరిబిదనూరు తాలూకాలోని మా హొసూరులో ఎచ్. నరసింహయ్యగారు పుట్టింది కూడా ఆ ఏడే. హైస్కూలు చదువుకోసం కాలినడకన బెంగళూరు పోయి, భౌతికశాస్త్రం నేర్చి, నేర్పి, 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టిన మనిషి. అడిగి, కొలిచి చూడనిదే దేన్నీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పారు. కింద రాసిన మాటల్లో ఆయన పేరు ఒకచోట, ఎచ్చెన్ అని వస్తుంది. అందుకే ముందుగా చెప్పాను.

మా ఎదురింట్లో ఒక గది ఉంది. పూర్వం అందులో పట్టుపురుగులు పెంచేవారు. ఇప్పుడు ఆ ఇంటి అమ్మాయి, తోటల చదువు చదివి వచ్చిన పిల్ల, ఇనుప ర్యాకు నిలబెట్టి నాలుగు అరల్లో చామంతి కొమ్మముక్కలకు వేళ్ళు పోయిస్తోంది. అరకు రెండు చొప్పున ఎనిమిది ఎల్‌ఈడీ దీపాలు. అన్నీ గోడకున్న ఒకే ఒక్క సాకెట్టు నుంచి వెలుగుతున్నాయి. ఆమె మేనమామ ముప్పై ఏళ్ళుగా వైర్‌మ్యాన్. చెల్లెల్ని చూసిపోదామని ఒక సాయంత్రం వచ్చి ఆ గదిలోకి తొంగిచూశాడు. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. వాళ్ళిద్దరి మాటలూ ఇవి.

మామ: ఏం పాపా ఇది? ఎనిమిది దీపాలకు ఒక్క ప్లగ్గా? ఇల్లు తగలబెడతావా ఏంది?

కోడలు: ఎనిమిది అనే అంకె చూసి భయపడితే ఎట్లా మామా? లెక్క చూడు. ఒక్కో దీపం 36 వాట్లు. ఎనిమిదికి 288. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే ఆంపియరూ పావు. ఆ సాకెట్టు 6 ఆంపియర్లది, అంటే 1380 వాట్లు మోస్తుంది. నేను వాడేది అందులో అయిదోవంతు. మా అమ్మ ఇదే సాకెట్టుకు వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు నువ్వేమీ అనలేదు.

మామ: ఇస్త్రీపెట్టె పది నిమిషాలు. పైగా దాని పక్కన మనిషి నిలబడి ఉంటుంది. ఏమన్నా కమురు వాసన వస్తే పీకేస్తుంది. నీ దీపాలు ఎంతసేపు?

కోడలు: పదహారు గంటలు.

మామ: నడిరేయి ఈ గదిలో ఎవరు పడుకుంటారు?

కోడలు: ఎవరూ పడుకోరు. కానీ దానికీ లెక్క ఉంది. మూడు గంటలకు మించి ఆగకుండా నడిచే లోడు ఏదైనా సరే, లైను సామర్థ్యంలో 80 శాతం దాటకూడదని అమెరికా వాళ్ళ నిబంధన. 1380లో 80 శాతం అంటే 1100 పైనే. నేను 288 దగ్గర ఉన్నా.

మామ: మాకు ఐటీఐలో నేర్పింది ఇంకొకటి. దీపాలు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి ఒక లైను మీద పది పాయింట్లు, 800 వాట్లు. అంతకు మించితే ఇంకో లైను లాగాల. నువ్వు సాకెట్టు ఒక్కదాన్నే చూస్తున్నావు. ఆ సాకెట్టుకు వచ్చే వైరు ఇంకెక్కడెక్కడ తిరిగి వచ్చిందో చూసినావా? అవతల వంటింట్లో మిక్సీ ఉందే, అది 750 వాట్లు. అదీ ఈ లైనే. ఈ ఇంటికి వైరింగ్ చేసింది నేనే కాబట్టి చెబుతున్నా. అప్పట్లో లైట్ల లైనుకు 1/18 వైరు వేసేవాళ్ళం. అది ఇప్పటి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు కన్నా సన్నం.

కోడలు: అది నాకు తెలీదు. మిక్సీ ఇదే లైనని తెలీదు.

(ఇక్కడ ఒక మాట. గోడలోపల వైరు ఏ దారిన వచ్చిందో ఇంట్లో ఉండేవాళ్ళకు తెలియకపోవడం మన ఇళ్ళలో మామూలే. ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ పటం ఒక కాగితం మీద గీయించుకుని దాచిపెట్టుకున్న ఇల్లు మా ఊళ్ళో నేనొక్కటీ చూడలేదు.)

మామ: సరే, నీ 36 వాట్లు ఎవరు చెప్పినారు? ఈ డబ్బా మీద చూస్తే 1000 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉందే.

కోడలు: అది నమ్మేది కాదు. పాత రకం దీపం వెయ్యి వాట్లు తాగి ఇచ్చే వెలుగు ఇది ఇస్తుందని వాళ్ళ గొప్ప. వెనకవైపు చిన్న చీటీ మీద ఉన్నదే అసలు లెక్క. అదీ నేను నమ్మలేదు. కరెంటు మీటరు దగ్గర నిలబడి మిగతావన్నీ ఆపి కొలిచాను. గంటకు యూనిట్‌లో మూడోవంతు కూడా కాలేదు. 288 వాట్లు నిజమే.

మామ: అంతవరకు మంచి పని చేసినావు. ఇప్పుడు నా క్లాంప్ మీటరు పెట్టి చూద్దాం. ఒక్క ఫేజు తీగనే పట్టుకోవాల. రెండు తీగలూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది.

ఆయన బోర్డు విప్పి, ఎర్ర తీగ చుట్టూ మీటరు దవడ మూశాడు. ముగ్గురం వంగి చూశాం. 2.2 అని చూపించింది.

మామ: ఆంపియరూ పావు అన్నావే?

కోడలు: దీపాల్లో కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్లు చౌకవి మామా. అలలో ప్రతి కొనదగ్గరా కరెంటును ఒక్కసారి గుటకేసి, మిగతాసేపు ఊరికే ఉంటాయి. పవర్ ఫ్యాక్టర్ తక్కువ. మన మీటరు వాట్లకే బిల్లు వేస్తుంది కాబట్టి బిల్లులో ఇది కనబడదు. వైరులో మాత్రం పారేది 2.2నే. నా లెక్కలో ఇది తప్పింది, ఒప్పుకుంటున్నా. అయినా ఆరుకు 2.2 ఎక్కడ?

మామ: సందకాడ ఇక్కడ వోల్టేజి ఎంత ఉంటుంది?

కోడలు: ఒక్కోసారి 180కి దిగుతుంది.

మామ: పాత బల్బు అయితే వోల్టేజి దిగితే ఎర్రగా మసకబారి కరెంటు తక్కువ లాగేది. ఈ డ్రైవరు అట్ల కాదు. వోల్టేజి ఎంత దిగితే అంత జాస్తి లాగి తన వెలుగు తాను నిలబెట్టుకుంటుంది. అంటే 180 దగ్గర నీ 2.2 ఎంతవుతుంది?

కోడలు: 2.8. అప్పుడు కూడా సగానికి లోపే. మామా, నువ్వు ఎన్ని మెట్లు ఎక్కించినా ఆరు రాదు.

మామ: నేను ఆరు వస్తుందని ఎప్పుడన్నాను? తగలబడాలంటే ఆరు దాటనక్కరలేదు. నేను కాలిన బోర్డులు చాలా చూసినాను. వాటిలో ఎక్కువ భాగం లోడు జాస్తయి కాలినవి కావు. జాయింటు దగ్గర కాలినవి. నీ దీపాలు ఒకదానికొకటి ఎట్ల తగిలించినావో చూపించు.

చూపించింది. గోడ సాకెట్టులో మూడు నోళ్ళ మల్టీప్లగ్గు. దానికి ఒక జంక్షన్ బాక్సు. ఆ బాక్సు చివరి సాకెట్టులో ఇంకో జంక్షన్ బాక్సు. దాని నుంచి మొదటి దీపానికి. మొదటిదాని తోక రెండోదానికి, రెండోదాని తోక మూడోదానికి, అట్లా ఎనిమిదో దీపం దాకా.

మామ: ఎనిమిదో దీపం ప్లగ్గులో ఒక్క దీపం కరెంటే పారుతుంది. మొదటి దీపం ప్లగ్గులో?

కోడలు: ఎనిమిదింటిదీ.

మామ: దాని వెనక బాక్సులో, దాని వెనక మల్టీప్లగ్గులో, గోడ సాకెట్టులో? అన్నిచోట్లా ఎనిమిదింటిదే. ఈ దీపాలను ఎన్నింటిని ఇట్ల కొక్కెం తగిలించవచ్చునో చేసినవాడు కాగితం మీద రాసి ఉంటాడు.

కోడలు: నాలుగు అని రాశాడు. చూశాను. కరెంటు తక్కువ కదా అని...

మామ: నాలుగు అన్నవాడికి ఆ సన్నపు తోకలో ఎంత దమ్ముందో నీకన్నా నాకన్నా బాగా తెలుసు. ఇప్పుడు ఇట్ల రా. స్విచ్చు ఆపు. ఆ మల్టీప్లగ్గు పీకి, పిన్నులు వేలితో ముట్టి చూడు.

కోడలు: ... వేడిగా ఉన్నాయి. ఎడమ పిన్ను చాలా వేడిగా ఉంది. కుడిది అంత లేదు.

మామ: రెండింటిలో పారిన కరెంటు ఒకటే. మరి ఒకటే ఎందుకు కాలింది?

కోడలు: ఆ పక్క సాకెట్టులో పట్టు సడలిపోయింది. అక్కడ నిరోధం ఎక్కువ.

మామ: నీ పుస్తకం లెక్కలో చెప్పు.

కోడలు: అక్కడ అర ఓమ్ ఉందనుకుందాం. 2.2ను 2.2తో గుణించి, సగం చేస్తే రెండున్నర వాట్ల దాకా. వినడానికి రెండున్నర వాట్లే. కానీ మిరియపుగింజంత చోట, గాలి ఆడని చోట, పదహారు గంటలు.

మామ: దాంతో దీపం మసకబారిందా?

కోడలు: లేదు. ఒక్క వోల్టు కాస్త పైన పడిపోతుంది. దీపానికి తెలియదు.

మామ: నీకూ తెలియదు. వేడికి ఇత్తడి పట్టు ఇంకొంచెం వదులవుతుంది, పైన మసి పడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. వైరు పైతోలు 70 డిగ్రీల దాకే తట్టుకునేది. నెల పొద్దు పోతే అది బిస్కెట్టులాగా పెళపెళలాడుతుంది.

కోడలు: అంతదాకా వస్తే ఫ్యూజు పోతుంది కదా మామా.

నేను ఇంతవరకూ అమ్మాయి పక్షమే. ఆమె లెక్కలు విన్నకొద్దీ మామ పాతకాలపు భయంతో మాట్లాడుతున్నాడనిపించింది. ఇక్కడినుంచి నా మనసు మారింది. మారింది అంటే మామ గెలిచాడని కాదు. ఇద్దరూ వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారని అర్థమైంది. ఆమె వైరులో ఎంత పారుతోందో చెబుతోంది. ఆయన పారేటప్పుడు ఎక్కడ ఇరుకవుతోందో చెబుతున్నాడు.

మామ: ఫ్యూజు పోదు. ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ అయినా పడదు. వాటికి కరెంటు ఎంతో తెలుస్తుంది గాని, వేడి ఎక్కడ పుట్టిందో తెలియదు. నీ సాకెట్టు నిప్పులాగా కాలుతున్నా పారేది 2.2నే. ఎంసీబీ సంగతే చెబుతా విను. 6 ఆంపియర్ల ఎంసీబీలో 6.78 ఆంపియర్లు పారినా గంటసేపు పడకూడదు. 8.7 పారితే గంట లోపల పడాల. అదీ దానికి పెట్టిన నియమం. గంట అంటే ఎంతసేపో వంటింట్లో నిలబడి చూడు. సరే, మీ ఇంట్లో ఫ్యూజు ఏదో పీకి చూద్దాం రా.

మెయిన్ ఆపి, తెల్ల పింగాణీ ఫ్యూజు లాగి టార్చి వెలుగులో తిప్పి చూపించాడు. ఫ్యూజు తీగ ఉండాల్సినచోట రాగి పోగులు నాలుగు మెలిపెట్టి చుట్టి ఉన్నాయి.

కోడలు: ఇది ఎవరు వేశారు?

మామ: మీ నాయన. పట్టుపురుగుల కాలంలో. నాకు గుర్తుంది. అప్పుడు ఈ గదిలో హీటరు పెట్టేవాళ్ళు. చిన్న పురుగులకు 27, 28 డిగ్రీలు వెచ్చన ఉండాల, తేమ 85 పైన ఉండాల. రేత్రి పూట ఫ్యూజు పోతే పురుగు చల్లబడి జబ్బు చేస్తుందని, మాటిమాటికీ లేవలేక ఇట్ల చుట్టినాడు. ఆయన్ను అనేదానికి లేదు. పంట కళ్ళముందర పోతుంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ రాగి ఇన్నేళ్ళూ ఇక్కడే ఉంది. ఆ హీటరు కాల్చిన మచ్చ కూడా నీ సాకెట్టు పక్కన గోడకు ఉంది, సున్నం కొట్టినా పోలేదు. ఆ ఇత్తడి పట్టు అప్పుడే చచ్చింది.

కోడలు: అంటే నేను ఆరు ఆరు అని చెబుతున్నది, ఇక్కడ లేనే లేదు.

మామ: లేదు. కాగితం మీద ఉంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల ఫ్యూజును చేతిలో పెట్టుకుని చూస్తూ ఉంది. మళ్ళీ మాట మొదలుపెట్టింది ఆమే.

కోడలు: మామా, ఇంకో సంగతి. ర్యాకు ముట్టుకుంటే ఒక్కోసారి జిల్లుమంటుంది. చెయ్యి తడిగా ఉంటే ఇంకా తెలుస్తుంది. అది ప్రమాదం కాదని చదివాను. డ్రైవరు లోపల రొద వడగట్టడానికి కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిపాటి కరెంటు దీపం ఇనుప ఒంటికి వస్తుంది. ఒక్కోదానికి అర మిల్లీ ఆంపియరు కూడా ఉండదు.

మామ: నువ్వు చదివింది నిజమే. కానీ ఆ కరెంటుకు ఒక దారి పెట్టి ఉంటారు. ఆకుపచ్చ తీగ. అది ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. నీ చేతిలోకి వచ్చిందంటే ఎర్తు లేదని అర్థం. ఇదిగో, మూడో రంధ్రం వెనక చూడు. స్క్రూ ఖాళీ. ఆకుపచ్చ తీగ కత్తిరించి లోపలికి మడిచేసినారు. ఈరోజు చక్కిలిగిలి పెట్టినాయి కెపాసిటర్లు. రేపు ఏ తీగకో తోలు ఊడి ఈ ఇనుమును తాకితే, ర్యాకంతా ఫేజు. నువ్వు తడి చేత్తో ట్రే లాగుతావు.

కోడలు: అందుకే ఆర్‌సీసీబీ పెట్టుకుందామనుకున్నా. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో కొట్టేస్తుంది. అది ఉంటే ఎర్తు లేకపోయినా ప్రాణం దక్కుతుంది.

మామ: దక్కుతుంది. నేనూ అదే పెట్టిస్తా, దాన్ని కాదనను. కానీ తేడా చూడు. ఎర్తు ఉంటే తోలు ఊడిన గడియలోనే కరెంటు భూమిలోకి పారి ఆర్‌సీసీబీ కొట్టేస్తుంది. నువ్వు పొద్దున వచ్చేసరికి లైను ఆగి ఉంటుంది. ఎర్తు లేకపోతే ఆ ఇనుము ఫేజుతో ఊరికే నిలబడి ఉంటుంది, ఎవరో ముట్టేదాకా. లైను ఆగేది నీ ఒంటి గుండా పారినాకే. పది మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న చెయ్యి వదలదు. అది ముప్పైకి చేరేదాకా ఆర్‌సీసీబీ ఊరుకున్నా ఊరుకుంటుంది. ఇంకొకటి, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి నువ్వూ ఒక దీపం లాగానే కనపడతావు. అప్పుడు అది ఏమీ చెయ్యదు.

కోడలు: మా ఇంటి ఎర్తు గుంట పెరట్లో ఉంది. కానీ దానికి నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో.

మామ: బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చింది నేనే. ఎండాకాలంలో వారానికి రెండు కడవలు పోయమని మీ అమ్మకు చెప్పినాను. మన నేల గట్టిది, ఎండితే రాయే. ఎండిన గుంట ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇద్దరూ గది అంతా తిరిగి చూశారు. జంక్షన్ బాక్సులు నేల మీద ఉన్నాయి. కొబ్బరిపొట్టు తడిసిన నీళ్ళు అరల నుంచి చుక్కలు చుక్కలుగా కారి వాటి పక్కనే మడుగు కట్టాయి. ఎరువు కలిపిన నీళ్ళు అవి. మంచినీళ్ళ కన్నా కరెంటును బాగా పారనిచ్చేవి. రెండో అర దీపానికి పోయే తీగ పైనుంచి సూటిగా ప్లగ్గులోకి దిగింది. దాని పొడవునా ఒక నీటి బొట్టు నెమ్మదిగా జారుతూ రావడం మేం ముగ్గురం చూశాం. ప్లగ్గుకు జానెడు పైన అది కాస్త ఆగింది. మామ ఏమీ అనకుండా తీగను కిందికి లాగి వంపు తిప్పి, మళ్ళీ పైకి ఎత్తి ప్లగ్గుకు పట్టుకున్నాడు. బొట్టు వంపు అడుగుదాకా జారి, అక్కడ లావై, నేల మీద పడింది. ఇన్ని లెక్కలు విన్నాను గాని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది ఆ బొట్టే.

కోడలు: నా వంతు నేను ఒకటి అడుగుతా. ఇప్పుడు నువ్వు ఎనిమిది దీపాలకు ఎనిమిది ప్లగ్గులు పెట్టాలంటావా? ఎనిమిది లైన్లు లాగాలంటావా?

మామ: మొదట అదే అనుకున్నా. ఎనిమిది దీపాలంటే కనీసం రెండు లైన్లు అని. నీ కొలత చూసినాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క సాకెట్టు చాలు. ఈ సాకెట్టు మాత్రం కాదు.

కోడలు: మరి?

మామ: మెయిన్ బోర్డు నుంచి ఈ గదికి ఒక కొత్త లైను. రెండున్నర రాగి వైరు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ. మధ్యలో ఎక్కడా జాయింటు ఉండకూడదు. ఇంకెవరికీ అందులో వాటా లేదు, మిక్సీకీ లేదు. దానికి ఆర్‌సీసీబీ, దాని తర్వాత 6 ఆంపియర్ల ఎంసీబీ.

కోడలు: 6 వద్దు మామా. 10 పెట్టు, సి రకం. ఎనిమిది డ్రైవర్లు ఒకేసారి వెలిగితే వాటి కెపాసిటర్లన్నీ ఖాళీ కడుపుతో ఉంటాయి. సెకనులో వెయ్యోవంతు కాలం పాటు మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. ఆరుది ఊరికే పడిపోతుంటే, మా నాయన చేసిన పనే నేనూ చెయ్యాల్సి వస్తుంది. రెండున్నర వైరు పది ఆంపియర్లు సలీసుగా మోస్తుంది కాబట్టి వైరుకు కాపలా తగ్గదు.

మామ: అది మంచి మాట. పది పెడదాం. నీ టైమరు సంగతి కూడా ఇదే కదా? దాని మీద 16 ఆంపియర్లు అని ఉంది, నిజమేనా?

కోడలు: అది హీటరులాంటి లోడుకు చెప్పే అంకె. ఎల్‌ఈడీలకు అంత రాదు. రోజూ ఆ మొదటి గుటకకు లోపలి పాయింట్లలో చిన్న మెరుపు వస్తుంది. కొన్నాళ్ళకు అవి అతుక్కుపోతాయి. అప్పుడు టైమరు ఆపమన్నా దీపాలు ఆగవు. నాకు మొక్క మొగ్గ కట్టే లెక్కంతా తప్పుతుంది. రెండు టైమర్లు పెడతా. నాలుగు దీపాలకు ఒకటి, అయిదు నిమిషాల తేడాతో.

మామ: సరే. కొత్త లైను చివర 16 ఆంపియర్ల సాకెట్టు ఒకటి, రొమ్మెత్తున గోడకు. దాని పక్కనే ఒక బోర్డు బిగిస్తా, అరకొక సాకెట్టు. ప్రతి అర నుంచి తీగ నేరుగా ఆ బోర్డుకే రావాల. దీపం తోకకు ఇంకో దీపం రెండింటికి మించి లేదు. నేల మీద ఏదీ ఉండకూడదు. ర్యాకు కాలికి ఎర్తు తీగ నేనే బిగిస్తా, రంగు గీకి, ఇనుము కనబడేదాకా.

కోడలు: బిల్లు సంగతి కూడా ఉంది. రోజుకు నాలుగున్నర యూనిట్ల పైన, నెలకు 138. సర్కారు గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా ఉచితమని అందరూ అనుకుంటారు గాని, మా ఇంటికి ఇచ్చేది 2022-23లో వాడిన సగటు, దాని మీద 10 శాతం. అది దాటితే దాటినంతకు కట్టాలి. 200 దాటితే మొత్తానికి కట్టాలి. పైగా ఇది అమ్మకానికి చేసే పని. ఇంటి మీటరు మీద నడపడం న్యాయం కాదు. కరెంటు కంపెనీ బెస్కాం ఆఫీసులో ఈ గదికి వేరే కనెక్షన్ అడుగుతా.

మామ: అడుగు. అప్పుడు మిక్సీ గొడవ కూడా ఉండదు. కానీ పాపా, తూర్పు కిటికీకి అట్ట కొట్టినావెందుకు?

కోడలు: తేమ నిలవాలని. అదీ నిజమే, పై రెండు అరలకు పొద్దున ఎండ వస్తుంది. అట్ట తీసి పాలిథిన్ కొడితే తేమా ఉంటుంది, వెలుగూ వస్తుంది. పగలు నాలుగు దీపాలు ఆపొచ్చు. కింది అరలకు మాత్రం తప్పదు.

మామ: నీకు కోపం రాలేదు కదా? వచ్చీ రాగానే ఇల్లు తగలబెడతావా అన్నాను.

కోడలు: వచ్చింది. లెక్క చూపించినా వినకుండా ఎనిమిది ఎనిమిది అంటుంటే వచ్చింది. మీటరు తీసినాక పోయింది. ఎచ్చెన్ గారి ఊళ్ళో పుట్టి, నేను కూడా సగమే కొలిచాను. వాట్లు కొలిచాను గాని పిన్ను ముట్టి చూడలేదు. ఫ్యూజు పీకి చూడలేదు.

మామ: నేనైతే ముట్టి చూసేది ఒకటే నేర్చుకున్నా. వాట్లకూ ఆంపియర్లకూ ఇంత తేడా వస్తుందని ఈ కొత్త దీపాలు వచ్చినాక కూడా తెలియనే లేదు. తోటల్లో తీగలు లాగినప్పుడంతా వాట్ల లెక్కతోనే వైరు వేసినాను. అవి ఒకసారి పోయి చూడాల.

ఆయన ఆ చివరి మాట మెల్లగా అన్నాడు. ఏయే చేలలో లాగాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం నాకు కనిపించింది.

చీకటి పడింది. మెయిన్ ఆపి ఉంది కాబట్టి గదిలో టార్చి వెలుగే. మామ పాత సాకెట్టు స్క్రూలు విప్పి గోడ నుంచి ఊడదీశాడు. ఫేజు పక్క స్క్రూ ఒక చుట్టున్నర వదులుగా ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది, ఒకచోట బుడగ లేచింది. ఆ పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నాకు అందించింది. కమురు వాసన.

మామ: వైరు, ఎంసీబీ పొద్దున హిందూపురం పోయి తెస్తా. మధ్యాహ్నానికి లైను నడుస్తుంది. ఇప్పుడు మిక్సీకీ లైట్లకూ వేరే ఫ్యూజు తీగ కట్టి ఇంటివరకు ఇస్తా. నీ ర్యాకుకు మాత్రం ఈ రేత్రి కరెంటు లేదు. మొక్కలకు పరవాలేదా? కావాలంటే ఇంకో గది నుంచి ఒక తీగ...

కోడలు: వద్దు మామా. మొగ్గ కట్టాలంటే పొడుగు రాత్రులు వరసగా ఎన్నో కావాలి. ఒక్క రాత్రికి చామంతికి ఏమీ కాదు. చీకట్లోనే ఉండనీ.

టైమరును ఆమే పీకి, తీగలు చుట్టి పై అరలో పెట్టింది. నేల మీది జంక్షన్ బాక్సులను గుడ్డతో తుడిచి మామ చేతికిచ్చింది. ఆయన వంటింట్లోకి పోయి, సన్నపు ఫ్యూజు తీగ ఉందా అని చెల్లెల్ని అడిగాడు.